స్లాక్‌లో 61 ఛానెళ్లు: ఏవి ఉంచాలి, ఏవి మూయాలి?

ప్రశ్న: మాది విజయవాడలో కిరాణా సరుకులు పంపిణీ చేసే సంస్థ. మొత్తం 34 మందిమి పనిచేస్తున్నాం. వాట్సాప్ గ్రూపుల గోల తప్పుతుందని నిరుడు ఆఫీసు సందేశాల యాప్ అయిన స్లాక్ ఉచిత ప్లాన్‌లోకి మారాం. ఇప్పుడు అందులో 61 ఛానెళ్లు, అంటే గ్రూపుల్లాంటివి, ఉన్నాయి. మొన్న నూనె రేటు మారిన సంగతి ‘సేల్స్-టీమ్-2’ అనే ప్రైవేట్ ఛానెల్‌లో మాత్రమే చెప్పడంతో, గోడౌన్‌లో రోజంతా పాత రేటుకే బిల్లులు వేశారు. వీటిని ఎలా సర్దుకోవాలి? పాతవాటిని డిలీట్ చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సేల్స్ వారు సంగతి చెప్పకపోలేదు, తమకు అలవాటైన చోట చెప్పారు, ఆ చోటు గోడౌన్ వారికి కనబడదు. వాట్సాప్ గ్రూపు మనుషులను బట్టి పుడుతుంది. మీరు యాప్ మార్చారు గానీ ఆ పద్ధతిని వెంట తెచ్చుకున్నారు. ఛానెల్‌ను మనుషుల పేరిట కాక పని పేరిట పెట్టాలి.

ఉదాహరణకు ‘రేట్లు-మార్పులు’ అనే ఒకే ఛానెల్ పెట్టి, అందులో సేల్స్, గోడౌన్, అకౌంట్స్ వారందరినీ చేర్చి, కొనుగోళ్లు చూసే ఒక్కరే అందులో రాయాలని కట్టడి చేసుకోండి. ‘సన్‌ఫ్లవర్ లీటరు ప్యాకెట్: పాత రేటు ఇంత, కొత్త రేటు ఇంత, రేపటి మొదటి బిల్లు నుంచి’ అని ఒకే సందేశంలో రాయాలి. బిల్లులు వేసేవారు చూసినట్టుగా దాని కింద టిక్ గుర్తు పెట్టాలి. సందేహాలు ఉంటే ఆ సందేశానికే థ్రెడ్‌లో, అంటే దాని కిందే సాగే జవాబుల వరుసలో, అడగాలి. సాయంత్రానికి ఎవరి టిక్ రాలేదో చూసి వారికి ఫోన్ చేస్తే సరిపోతుంది.

పేర్లలో ఖాళీలు, ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు స్లాక్ ఒప్పుకోదు కనుక మాటల మధ్య చిన్న గీత వాడండి. ‘గోడౌన్-స్టాక్’, ‘గోడౌన్-లారీలు’ అని పని పేరు ముందు పెడితే, మొదటి మాట టైప్ చేయగానే అన్నీ ఒకచోట కనిపిస్తాయి. ‘అర్జెంట్’ అనే పేరుతో మాత్రం ఛానెల్ పెట్టకండి. వారం తిరిగేసరికి సెలవు చీటీలు కూడా అందులోనే పడతాయి.

పబ్లిక్ ఛానెల్ అంటే ఊరందరికీ కనిపిస్తుందని చాలామంది భయపడతారు. మీ సంస్థ సభ్యులు మాత్రమే దాన్ని వెతికి చదవగలరు. కాబట్టి జీతాలు, సిబ్బందిపై ఫిర్యాదుల వంటివాటిని ప్రైవేట్‌గా ఉంచి, మిగిలిన పనిని పబ్లిక్‌లోకి తెండి. అందరినీ పిలవడంలోనూ పొదుపు అవసరం: ‘@ఛానెల్’ అంటే అందులోని సభ్యులందరికీ, ‘@హియర్’ అంటే అప్పటికి యాప్‌లో చురుగ్గా ఉన్నవారికి మాత్రమే నోటిఫికేషన్ వెళ్తుంది. లారీ వచ్చిందని చెప్పడానికి రెండోది చాలు.

ఇక డిలీట్ మాట. డిలీట్ చేస్తే అందులోని సందేశాలు తిరిగి రావు. ఆర్కైవ్ చేస్తే కొత్తగా రాయడం ఆగిపోతుంది గానీ పాతవి వెతుక్కోవచ్చు, కావాలంటే ఛానెల్‌నే మళ్లీ తెరవవచ్చు. అయితే మీది ఉచిత ప్లాన్ కనుక గత 90 రోజుల సందేశాలే కనబడతాయి, ఏడాది దాటినవాటిని స్లాక్ పూర్తిగా తొలగిస్తుంది. ఈ సంగతి తెలియక చాలా సంస్థలు ఛానెల్‌నే రికార్డు పుస్తకంగా వాడుకుంటున్నాయి. రేట్ల చరిత్ర, డీలర్లతో కుదిరిన షరతులు ఛానెల్‌లో చెప్పిన రోజే మీ ఎక్సెల్ షీటులోకో, లెడ్జరులోకో ఎక్కాలి.

రెండు నెలలుగా ఎవరూ ఏమీ రాయని ఛానెళ్లతో మొదలుపెట్టండి. ఆర్కైవ్ చేశాక అందులో ఎవరూ రాయలేరు కనుక, ముందుగానే ‘ఇకపై రేట్ల సంగతులు రేట్లు-మార్పులు ఛానెల్‌లో చూడండి’ అన్నట్టుగా ఒక చివరి సందేశం పెట్టి, ఒకటి రెండు రోజులు ఆగి, ఆ తర్వాతే మూసివేయండి.