రగ్బీలో డేటా అనలిస్ట్ కావాలంటే ఏ కోర్సు చేయాలి?

ఎన్నడూ రగ్బీ ఆడని బీటెక్ పట్టభద్రుడు ఆ ఆటలో డేటా అనలిస్ట్‌గా స్థిరపడాలంటే ఏ కోర్సు చేయాలి, జీతం ఎలా ఉంటుంది అని మీరు అడిగారు. నా సమాధానం మీకు నచ్చకపోవచ్చు. ఏ కోర్సులోనైనా చేరే ముందు ఒక క్లబ్బు కార్యదర్శి దగ్గర సహాయకుడిగా రెండు సీజన్లు కాగితాల పని చేయండి. నేను కార్డిఫ్‌లో స్పోర్ట్స్ పెర్ఫార్మెన్స్ అనాలిసిస్‌లో ఎం.ఎస్సీ. చేసి, తర్వాత వేల్స్‌లోనే ఒక చిన్న క్లబ్బులో వీడియో విశ్లేషణతో పాటు ఆటగాళ్ల నమోదు, రిఫరీల ఏర్పాట్లు, మ్యాచ్ కార్డులు చూసుకున్నాను. తరగతి గదిలో నేర్చుకున్నది తక్కువేమీ కాదు గానీ, అంకె ఎక్కడ పుడుతుందో నాకు తెలిసింది మాత్రం ఆ కార్యాలయంలోనే.

విశ్లేషకుడి పని బయటి నుంచి చూసేవారికి శుద్ధ గణితంలా కనిపిస్తుంది. నిజానికి అందులో ఎక్కువ భాగం శనివారం చలిలో కెమెరా పట్టుకుని నిలబడడం, ఆదివారమంతా స్పోర్ట్స్‌కోడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ట్యాకిల్‌కు (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడగొట్టడం), ప్రతి లైనౌట్‌కు (పక్క గీత దాటిన బంతిని తిరిగి లోపలికి విసరడం), ప్రతి రక్‌కు (నేల మీది బంతి కోసం ఇరుపక్షాలూ నిలబడి తోసుకోవడం) ఒక మీట నొక్కుతూ కూర్చోవడం. రక్‌లోంచి బంతి మూడు సెకన్ల లోపు బయటకు వస్తే దాన్ని వేగవంతమైన బంతిగా లెక్కిస్తారు. అయితే ఆ మూడు సెకన్లు ఎప్పటి నుంచి మొదలవుతాయి? బంతి పట్టుకున్నవాడు నేలకు తగిలిన క్షణం నుంచి ఒకరు లెక్కపెడితే, ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరు బంతి మీద నిలబడి తలపడినప్పటి నుంచి మరొకరు లెక్కపెడతారు. ఇద్దరి పట్టికలూ ఒకే మ్యాచ్‌వే అయినా రెండు వేర్వేరు మ్యాచ్‌ల గురించి చెబుతున్నట్టుంటాయి. ఈ తగవు తీర్చే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.

ఒక ఫిబ్రవరి సాయంత్రం మా ప్రాంతపు లీగ్ కమిటీ ఒక క్లబ్బు పై అంతస్తు గదిలో సమావేశమైంది. మినిట్స్ రాయడం నా పని. స్క్రమ్ అంటే ఇరుజట్ల ఆటగాళ్లు వరుసలు కట్టి, తలలు దూర్చి, బంతి కోసం ఒకరినొకరు తోసుకోవడం. రెండో జట్ల మ్యాచ్‌లలో ఇరుపక్షాలూ తోసుకోని, పేరుకు మాత్రమే జరిగే స్క్రమ్‌లు ఎక్కువైపోయాయన్నది చర్చాంశం. స్క్రమ్ ముందు వరుసలో నిలిచే ఇద్దరు ప్రాప్‌లూ, హుకరూ శిక్షణ పొందినవారు కాకపోతే మెడకూ వెన్నెముకకూ ప్రమాదం. అందుకే అటువంటివారు దొరకని రోజున రిఫరీ తోపులాట లేని స్క్రమ్ వేయిస్తారు. జీతం మీద పనిచేసే ఒక యువ అధికారి గోడ మీద రంగురంగుల పట్టిక చూపించాడు. నమోదు పత్రాల ప్రకారం ప్రతి క్లబ్బులోనూ ముందు వరుస ఆటగాళ్లు కావలసినంత మంది ఉన్నారు కాబట్టి, ప్రత్యర్థుల బలమైన స్క్రమ్‌ను తప్పించుకోవడానికే క్లబ్బులు గాయాల సాకు చెబుతున్నాయనీ, అటువంటి జట్లకు పాయింట్లు కోయాలనీ అతని వాదన. గదిలో చాలామంది తలలు ఊపారు.

అప్పుడు తపాలా ఉద్యోగం చేసి విరమించిన ఒక పెద్దాయన, లోయలోని ఒక క్లబ్బుకు ఏళ్ల తరబడి కార్యదర్శిగా ఉన్నవాడు, తన సంచిలోంచి ఆ సీజన్ టీమ్‌షీట్ల కట్ట తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చెప్పుకుంటూ వచ్చాడు. ఇతను పదిహేడేళ్ల వయసులో ఒకసారి హుకర్‌గా నిలబడ్డాడు, ఇప్పుడు మైదానం అంచున, వింగ్‌లో తప్ప ఆడడు. ఇతనికి మెడకు శస్త్రచికిత్స అయింది. ఈ అన్నదమ్ములిద్దరూ అసలైన ప్రాప్‌లే గానీ శనివారం వారికి గిడ్డంగిలో షిఫ్టు. మరి వీళ్లందరినీ ముందు వరుస అని ఎందుకు రాశారని అధికారి అడిగితే, నియమం అడిగింది కనుక రాశానని ఆయన నిదానంగా జవాబిచ్చాడు. జట్టులో 22 మంది ఉంటే ఐదుగురు, 23 మంది ఉంటే ఆరుగురు ముందు వరుసలో ఆడగలవారై ఉండాలి. అంతమందిని చూపించలేకపోతే జట్టు పరిమాణం తగ్గించుకోవాలి, అంటే ఆడాలని వచ్చిన కుర్రవాణ్ణి తిరిగి ఇంటికి పంపాలి. తక్కిన కార్యదర్శులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారే గానీ, మేమలా చేయమని ఒక్కరూ అనలేదు.

అడంగల్‌లో కరణం రాసిన పంట వేరు, చేలో నిలిచిన పంట వేరు అని మా తాతగారు అంటుండేవారు. ఆ పట్టిక అచ్చంగా అడంగలే. పాయింట్ల కోత ప్రతిపాదన ఆ రాత్రే వెనక్కి పోయింది, నమోదు పత్రంలో ప్రశ్న కూడా మారింది: గత సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లలో ముందు వరుసలో ఆడారు, శనివారాలు అందుబాటులో ఉంటారా అని అడగడం మొదలుపెట్టారు. పాత పేర్లను ఫుటేజ్‌తోనూ మ్యాచ్ కార్డులతోనూ సరిచూసే పని నాకు అప్పగించారు. జాబితాలో ప్రాప్‌లుగా ఉన్నవారిలో చాలామంది ఆ సీజన్‌లో ఒక్క స్క్రమ్‌లోనూ తల దూర్చలేదు.

అందుకే, ఆరు వారాలలో స్పోర్ట్స్ అనలిటిక్స్ నేర్పిస్తామనే ఆన్‌లైన్ ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వారు చేతికిచ్చే డేటా ముందే శుభ్రం చేసినది, తరచుగా క్రికెట్‌ది. అక్కడ ప్రతి బంతీ ఒక విడి సంఘటన కావడం వల్ల లెక్క సులువు. రగ్బీలో ముప్పై మంది ఒకరి మీద ఒకరు పడుతుంటారు. 2015 ప్రపంచకప్‌లో బ్రైటన్‌లో దక్షిణాఫ్రికా మీద చివరి నిమిషాల్లో మూడు పాయింట్లు వెనకబడి ఉన్న జపాన్, పెనాల్టీ కొట్టి సమం చేసుకునే అవకాశాన్ని వదిలి స్క్రమ్ కోరుకుని, ట్రై (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు తాకిస్తే వచ్చే ఐదు పాయింట్లు) సాధించి 34-32తో గెలిచింది. దాన్ని అందరూ సాహసం అంటారు. అప్పటికి దక్షిణాఫ్రికా ప్రాప్ ఒకడు పసుపు కార్డుతో బయట కూర్చున్నాడు, ఎదుట ఉన్నది 14 మంది. ఆ నిర్ణయంలో సాహసం కన్నా నియమాల పుస్తకం తెలిసిన లెక్కే ఎక్కువని నా గట్టి నమ్మకం.

భారతదేశంలో అవకాశాలు ఎక్కువగా జట్టుకు ఏడుగురు ఆడే సెవెన్స్ రగ్బీలోనే ఉన్నాయి. 2016 నుంచి అది ఒలింపిక్ క్రీడ. 2025 జూన్‌లో ముంబయిలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ సహా ఆరు జట్లు ఆడినదీ అదే ఆట. మామూలు సెవెన్స్ మ్యాచ్ 14 నిమిషాల్లో ముగిసిపోతుంది కనుక, ఒక ఆటగాడు నాలుగు ట్యాకిళ్లలో మూడు పట్టాడని 75 శాతం అని రాయడం హాస్యాస్పదం. మీరు రాష్ట్ర సంఘాన్నో దగ్గరలోని క్లబ్బునో కలిసి, ఏడాది పొడవునా మ్యాచ్ రికార్డులు ఒకే పద్ధతిలో రాసిపెడతానని అడగండి. ఆ పని కోసం పోటీపడేవారు ఉండరు.

జీతం సంగతికి వస్తే, 1995 ఆగస్టు దాకా రగ్బీ యూనియన్‌లో (నేను చెబుతున్న రగ్బీ రకం పేరే అది) ఆడినందుకు డబ్బు తీసుకోవడమే నిషిద్ధం. ఉచితంగా పనిచేయించుకునే ఆ పాత అలవాటు కార్యాలయాల్లో ఇంకా పోలేదు. అనుభవం వస్తుంది కదా అంటూ పట్టభద్రుల చేత సీజన్ మొత్తం ఊరికే పనిచేయించుకోవడం అన్యాయమని నేను బాహాటంగానే అంటాను. బ్రిటన్‌కు చదువుకు వెళ్లే ఆలోచన ఉంటే మరొకటి గమనించండి. డిగ్రీ, ఎం.ఎస్సీ. విద్యార్థులు సాధారణంగా తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఉద్యోగంలా చేసే జీతం లేని పని కూడా ఆ గంటల్లోకే వస్తుంది. ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా గానీ, కోచ్‌గా గానీ పనిచేయడం అసలే కుదరదు. కనుక క్లబ్బు మిమ్మల్ని అనలిస్ట్ అని పిలుస్తూ కోచింగ్ కూడా చేయించబోతే, ఒప్పుకునే ముందు మీ విశ్వవిద్యాలయపు వీసా సలహా విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి, వారి జవాబును దాచిపెట్టుకోండి.