ఎమ్మారై ఫిజిక్స్, ఎకనామిక్స్, మీడియా స్టడీస్ మూడూ కలిపి రీసెర్చ్ చేయొచ్చా? నా అనుభవం

మీరు అడిగింది ఇది కదా: మాస్టర్స్ ఫిజిక్స్‌లో అయింది, మాగ్నెటిక్ రెజొనెన్స్ మీద పని చేస్తున్నారు, కానీ మనుషులు డబ్బు విషయంలో ఎలా నిర్ణయం తీసుకుంటారు, ఆ మెదడు బొమ్మలు వార్తల్లోకి ఎలా వెళ్తాయి అనేది కూడా పీహెచ్‌డీలో కలపాలని ఉంది, మూడు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అవుతుందేమోనని భయం. నేను దాదాపు ఇదే దారిలో వచ్చా కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తా, కొంచెం పొడుగు అవుతుంది.

చేయొచ్చండి. మూడు సబ్జెక్టులు బావున్నాయి కదా అని కలపబోతే మాత్రం కలవవు, ఆ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా తేలని ప్రశ్న ఒకటి చేతికి దొరకాలి. నాకు అది దొరికింది ఒక పొరపాటు వల్ల.

నా పీహెచ్‌డీ మొత్తం ఫిజిక్సే. 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) స్కానర్ మీద పల్స్ సీక్వెన్సులు, అంటే స్కానర్ ఎప్పుడు ఏం చేయాలో చెప్పే ఆదేశాలు రాయడం, ఎకో ప్లానర్ అనే వేగమైన పద్ధతిలో తీసిన బొమ్మల్లో వచ్చే వంకరలు సరిచేయడం. ఆ ఫీల్డ్‌లో ప్రోటాన్ దాదాపు 128 మెగాహెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది, పది లక్షల ప్రోటాన్లు ఉంటే ఒక పక్కకి ఎక్కువగా ఉండేవి ఓ పది మాత్రమే, మనకి అందే సిగ్నల్ అంతా ఆ పదిమంది పుణ్యమే. ఇంత సన్నటి సిగ్నల్‌తో ఏళ్లు గడిపినవాడికి ఏ బొమ్మ చూసినా ముందు నాయిస్ ఎంత అనే అనుమానమే వస్తుంది. ఆ అనుమానం తర్వాత బాగా పనికొచ్చింది.

పీహెచ్‌డీ అయ్యాక ఒక ఎకనామిక్స్ గ్రూప్‌తో కలిసి పని మొదలుపెట్టా. స్కానర్‌లో పడుకున్న మనిషికి సగం సగం అవకాశం ఉన్న పందేలు చూపిస్తారు, గెలిస్తే ఇంత, ఓడితే ఇంత, ఒప్పుకుంటావా లేదా అని. విలువ కట్టే పనిలో కళ్ల పైన ఉండే ఆర్బిటోఫ్రాంటల్ భాగానికి పెద్ద పాత్ర ఉందని అంతకుముందు చాలా పేపర్లు చెప్పాయి, మెదడులో పని కనిపించిన చోట రంగు వేసి చూపించే వీళ్ల మ్యాప్‌లో మాత్రం అక్కడ రంగే లేదు. దాని మీద ఒక వాదన కూడా రాసేసుకున్నారు, మా పందేల్లో ఆ భాగానికి పని లేదని. నేను స్టాటిస్టిక్స్ మ్యాప్ పక్కన పెట్టి అసలు బొమ్మలు తెరిచి చూశా. అక్కడ నల్లగా బొక్క ఉంది, సిగ్నలే లేదు.

కారణం మీకు తెలిసే ఉంటుంది, సైనస్‌లలో గాలి, పక్కనే కణజాలం, రెండిటి మాగ్నెటిక్ ససెప్టిబిలిటీ (అయస్కాంత ఫీల్డ్‌కి లోనయ్యే గుణం) వేరు, అందుకని అక్కడ ఫీల్డ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, 30 మిల్లీసెకన్ల తర్వాత ఎకో (తిరిగొచ్చే సిగ్నల్) చదివేలోపే స్పిన్లు, అంటే ఆ తిరిగే ప్రోటాన్లు, ఒకదానితో ఒకటి పొత్తు తప్పిపోతాయి. మెదడు పనిని చూపించే బోల్డ్ సిగ్నల్ (రక్తంలో ఆక్సిజన్ మార్పుని బట్టి వచ్చేది) పుట్టేది కూడా ఈ గుణం వల్లే, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఫీల్డ్‌ని చెదరగొడుతుందని 1990లో సెయిజి ఒగావా వాళ్లు చూపించింది అదే కదా. మెదడు పనిని మనకి చూపించే గుణమే ముక్కు పైభాగంలో బొమ్మని మింగేస్తోంది. రంగు లేకపోవడానికి అక్కడ పని జరగకపోవడం ఒక కారణం కావచ్చు, అసలు కొలవకపోవడం ఇంకో కారణం కావచ్చు, మ్యాప్‌లో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్లైస్‌ని ఓ 30 డిగ్రీలు వంచి, మందం తగ్గించి మళ్లీ స్కాన్ చేస్తే సిగ్నల్ చాలావరకు తిరిగొచ్చింది. అప్పటికే సగం మందిని స్కాన్ చేసేశారు, అదంతా మళ్లీ చేయాల్సి వచ్చింది, ఆ మీటింగులు నాకింకా గుర్తే.

వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది కూడా తక్కువేం కాదు. ఎదుటి ఆటగాడు నిజంగా మనిషే అని చెప్పి కంప్యూటర్‌తో ఆడిద్దాం, సులువవుతుంది అని ఒకసారి అన్నా. ససేమిరా అన్నారు. ఎకనామిక్స్ ఎక్స్‌పెరిమెంట్లలో పాల్గొనేవాళ్లకి అబద్ధం చెప్పరు, ఎందుకంటే ఒక ల్యాబ్ మోసం చేస్తే జనం తర్వాత ఏ ల్యాబ్ మాటా నమ్మరు, అందరి డేటా పాడవుతుంది. ఇంకొకటి, పందెంలో నిజం డబ్బు ఉండాలి, వందల ప్రశ్నల్లో ఒకదాన్ని చివర్లో లాటరీలా తీసి దానికి నిజంగా చెల్లిస్తారు, ఏది వస్తుందో తెలియదు కాబట్టి ప్రతి ప్రశ్నకీ మనిషి నిజాయితీగా జవాబు చెబుతాడు. కొలత కచ్చితంగా ఉండాలంటే అయస్కాంతం షిమ్ చేయడం (ఫీల్డ్‌ని అంతటా సమంగా సరిచేయడం) ఒక్కటే చాలదని, లోపల పడుకున్న మనిషికి మన మాట మీద నమ్మకం కూడా ఉండాలని నాకు అక్కడే అర్థమైంది. ఫరూక్ గుల్, వోల్ఫ్‌గాంగ్ పెసెన్‌డోర్ఫర్ లాంటి ఎకనామిస్టులు అసలు ఈ స్కాన్లు ఎకనామిక్స్‌కి ఎందుకు, మాకు మనిషి ఏం ఎంచుకున్నాడో చాలు అని వాదించారు, నేను ఒప్పుకోను కానీ వాళ్ల వాదన చదవకుండా మాత్రం ఈ పనిలోకి దిగకండి.

ఇక మీడియా. మా పేపర్ వచ్చాక వార్తల్లో ‘నష్ట భయం పుట్టే చోటు దొరికింది’ అనే తరహాలో రాశారు. పేపర్‌లో ఆ మాట ఎక్కడా లేదు. నాకు విలేకరుల మీద కోపం వచ్చింది, తెలిసిన మీడియా స్టడీస్ ఆవిడతో చెప్పుకుంటే ముందు ప్రెస్ రిలీజ్ చూపించమంది. చూస్తే ఆ వాక్యం అందులోనే ఉంది, ఆ రిలీజ్‌కి సరే అన్నవాళ్లలో నేనూ ఉన్నా. మా ఒక్కళ్లకే జరిగింది కాదిది, బ్రిటన్‌లో 20 యూనివర్సిటీలు ఆరోగ్య పరిశోధనల మీద ఇచ్చిన 462 ప్రెస్ రిలీజ్‌లని పరిశీలిస్తే వాటిల్లో 40 శాతం పేపర్‌లో ఉన్నదానికంటే పెంచి సలహాలిచ్చాయని 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది, రిలీజ్‌లో పెంచినచోట వార్తలోనూ పెరిగే అవకాశం చాలా ఎక్కువ. 2011లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక అభిప్రాయ వ్యాసం ఇన్సులా అనే మెదడు భాగం వెలిగింది కాబట్టి జనం ఐఫోన్‌ని నిజంగానే ప్రేమిస్తున్నారని రాస్తే 40 మందికి పైగా న్యూరోసైంటిస్టులు ఉత్తరం రాయాల్సి వచ్చింది, ఎందుకంటే ఇన్సులా మెదడు స్కాన్ అధ్యయనాల్లో దాదాపు మూడో వంతు వాటిల్లో వెలుగుతుంది, నొప్పికీ వెలుగుతుంది.

మీడియా స్టడీస్‌ని తేలిక సబ్జెక్ట్ అనుకోకండి, నేను మొదట్లో అలాగే అనుకున్నా. వార్తల్ని కోడ్ చేయాలంటే, అంటే రకాలుగా విడగొట్టాలంటే, కోడ్‌బుక్ (దేనికి ఏ గుర్తు పెట్టాలో చెప్పే నియమాలు) రాయాలి, ఇద్దరు విడివిడిగా అవే వార్తలు చదివి గుర్తులు పెట్టాలి, ఇద్దరి గుర్తులు ఎంత కలిశాయో చెప్పే క్రిపెన్‌డోర్ఫ్ ఆల్ఫా 0.8 దాటాలని చూస్తారు. ‘పెంచి చెప్పడం’ అంటే ఏంటో మా ఇద్దరికీ ఒకేలా అర్థం కావడానికి కోడ్‌బుక్ నాలుగుసార్లు తిరగరాశాం. అందరూ నమ్మేవాటిని కూడా ఈ తరహా పనిలో పరీక్షించకుండా వదలరు, మెదడు బొమ్మ పెడితే జనం వ్యాసాన్ని ఎక్కువ నమ్ముతారని 2008లో ఒక పేపర్ చెప్తే 2013లో ఇంకో గ్రూప్ మళ్లీ మళ్లీ చేసి చూసి ఆ ప్రభావం దాదాపు లేదని తేల్చింది. అన్నట్టు మన సబ్జెక్ట్ పేరు మొదట న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్, అందులోంచి న్యూక్లియర్ అన్న మాట పోయింది కూడా జనం భయపడతారనే కదా.

మూడూ ఎక్కడ కలుస్తాయో చూడాలంటే 2020లో నేచర్‌లో వచ్చిన నార్ప్స్ అనే అధ్యయనం చదవండి. 108 మంది పందేలు ఆడిన ఒకే ఎఫ్ఎమ్మారై (మెదడు పనిని చూపించే ఎమ్మారై) డేటాని 70 టీమ్‌లకి ఇచ్చి 9 ప్రశ్నలకి అవునా కాదా చెప్పమన్నారు. ఏ రెండు టీమ్‌లూ ఒకే పద్ధతిలో చేయలేదు, చాలా ప్రశ్నలకి జవాబులు కలవలేదు. పక్కనే ఎకనామిస్టులు ప్రెడిక్షన్ మార్కెట్ నడిపి ఎన్ని టీమ్‌లకి అవును వస్తుందో పందెం కట్టించారు, ఆ డేటాని స్వయంగా విశ్లేషించిన వాళ్లు కూడా అసలు కంటే ఎక్కువే ఊహించారు. ఆ 70 మ్యాపుల్లో ఏ ఒక్కటి విడిగా పేపర్‌గా వచ్చి ఉంటే వార్తల్లో ఏమని రాసేవాళ్లు? నా పని ఇప్పుడు ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మీ విషయానికొస్తే డిగ్రీ ఫిజిక్స్‌లోనే ఉంచుకోండి. స్కానర్ చేతికి అలవాటు కావడం తర్వాత నేర్చుకోవడానికి అన్నిటికంటే కష్టం, ఎకనామెట్రిక్స్ (ఎకనామిక్స్‌లో వాడే స్టాటిస్టిక్స్) క్లాసుల్లో కూర్చుని నేర్చుకోవచ్చు, మీడియా వైపు ఒక మనిషిని మొదటి రోజు నుంచే కో-గైడ్‌గా పెట్టుకోండి, చివర్లో పిలిస్తే ఆవిడో ఆయనో చేసేదేం ఉండదు. ఉద్యోగం ఇచ్చే కమిటీ నువ్వు ఏ డిపార్ట్‌మెంట్ మనిషివి అని అడగడం ఖాయం, నన్ను ప్రతిచోటా అడిగారు. పేపర్ మీద పేర్ల వరస కూడా ముందే మాట్లాడుకోండి, ఎకనామిక్స్‌లో సాధారణంగా అక్షర క్రమం, మన దగ్గర మొదటి పేరు ఎవరిదన్నదే పెద్ద విషయం, దీని మీద ఒక మంచి స్నేహం చెడిపోవడం చూశా.

నార్ప్స్ డేటా ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంది. ఒక మనిషి అసలు బొమ్మలు దింపుకుని కళ్ల పైన ఏం మిగిలిందో చూడండి, చూశాక మీ ప్రశ్న ఏంటో ఇక్కడే రాయండి, చదివి చెప్తా.