ముందు ఎవరికి పరీక్ష?

ప్రశ్న: మాకు పెళ్లై నాలుగేళ్లు. రెండేళ్లుగా పిల్లల కోసం ఎదురుచూస్తున్నాం. నాకు 32, మా వారికి 36. ఈ మధ్య డాక్టర్‌ను కలిస్తే ఇద్దరికీ పరీక్షలు రాశారు. మా వారు మాత్రం ‘ముందు నువ్వు చేయించుకో, నీకు అన్నీ బాగున్నాయంటే అప్పుడు నా సంగతి చూద్దాం’ అంటున్నారు. ట్యూబులు చూసే పరీక్షలో నొప్పి భరించలేమని మా ఆడపడుచు చెప్పింది. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఎవరికీ చెప్పని విషయం ఇంకొకటి ఉంది. పెళ్లికి ముందు ఒకసారి అబార్షన్ చేయించుకున్నాను. మా వారికి తెలియదు. డాక్టర్ అడిగితే ఏం చెప్పాలి? పరీక్షల్లో బయటపడుతుందా? ఆ తప్పు వల్లే ఇలా అయిందా? నేనొక్కదాన్నే వెళ్లి అన్నీ చేయించుకుని వచ్చేస్తే మంచిదేమో అనిపిస్తోంది.

జవాబు: మీరు ఉత్తరం చివర్లో బెదురుతూ రాసిన విషయంతోనే మొదలుపెడతాను. అది మనసులో మెదులుతుండగా మిగతావి ఎన్ని చెప్పినా మీ చెవికెక్కవు.

‘తప్పు’ అన్న మాట మీరు వాడారు. నేను వాడను. తొలి నెలల్లో, సరైన వైద్యుల చేతుల్లో, ఏ చిక్కూ లేకుండా జరిగిన అబార్షన్ తర్వాతి గర్భానికి అడ్డు రాదు. రక్తపరీక్షలోనో స్కానింగులోనో ‘ఈమెకు ఫలానా ఏడాదిలో అబార్షన్ అయింది’ అని ఎక్కడా రాసి రాదు. అరుదుగా, అప్పట్లో ఇన్ఫెక్షన్ సోకి ఉంటే ట్యూబులు దెబ్బతినవచ్చు. గర్భసంచి లోపలి పొరను గీకి తీసిన సందర్భాల్లో లోపలి గోడలు అక్కడక్కడ అతుక్కుపోవచ్చు. ఆ తర్వాత జ్వరం వచ్చిందా, పొత్తికడుపులో నొప్పి నిలిచిపోయిందా, నెలసరి రక్తస్రావం మునుపటికంటే బాగా తగ్గిందా అని డాక్టర్ అడిగేది ఇందుకే. కాబట్టి ఆ ఒక్క మనిషి దగ్గర దాచకండి. ఒకసారి గర్భం నిలిచిందన్న సమాచారం కూడా వైద్యానికి పనికొచ్చేదే.

అయితే ఒక జాగ్రత్త. ‘ఇంతకుముందు ఎప్పుడైనా గర్భం వచ్చిందా?’ అన్న ప్రశ్న సాధారణంగా దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడే అడుగుతారు. అందుకని ముందుగానే నర్సుతో ‘డాక్టరుగారితో అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి’ అని చెప్పండి. ఇది వింత కోరికేమీ కాదు, చాలామంది అడుగుతారు. చెప్పాక ఇంకో మాట కూడా కలపండి: ‘ఇది మా వారికి తెలియదు, ఫైలు ఆయన కూడా చూస్తారు.’ ఫైలు మొదటి పేజీలో గర్భాల సంఖ్యను పొడి అక్షరాల్లో రాసే అలవాటు ఉంటుంది. ఆ ఫైలు ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. ఎక్కడ రాయాలో, ఎలా రాయాలో డాక్టర్ చూసుకుంటారు. మీ వారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని కంగారుగా తేల్చుకోవలసిన సంగతి మాత్రం కాదు.

ఇక మీ వారి మాట. ‘నీకు అన్నీ బాగుంటే అప్పుడు నా సంగతి’ అనడంలో ఒక లెక్క ఉంది. లోపం ఉంటే భార్యలోనే ఉంటుంది, లేకపోతేనే తన వంతు. ఆ లెక్కే తప్పు. సంతానం ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం ఒంటరిగానో, ఆడవారి కారణంతో కలిసో ఉంటుంది. పైగా ఇద్దరి పరీక్షల్లోకీ సులువైనది, సూది కూడా గుచ్చని పరీక్ష ఆయనదే, అదే వీర్య పరీక్ష. సులువైనదాన్ని వెనక్కి నెట్టి, మిమ్మల్ని ఎక్స్‌రే బల్ల ఎక్కించడం నాకు ఏ రకంగానూ సబబనిపించదు.

ఆయన మీద కోపంతో ఈ మాట అనడం లేదు. నా గదిలో కూర్చునే మగవాళ్లు చాలామంది ఇలాగే అంటారు. కాస్త సేపు కదిలిస్తే అసలు భయం బయటికొస్తుంది. కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, తక్కువ అని తేలితే మగతనమే తక్కువ అని తేలినట్లు అనుకుంటారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. వీర్యంలో వీర్యకణాల వాటా చాలా కొద్ది, మిగతాదంతా గ్రంథుల ద్రవమే. వేసెక్టమీ (మగవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్న వారికీ వీర్యం చూపుకు మామూలుగానే ఉంటుంది. పడకగదిలో ఏ ఇబ్బందీ లేని మనిషికి కణాలు తక్కువ ఉండవచ్చు, ఇబ్బంది ఉన్న మనిషికి పుష్కలంగా ఉండవచ్చు.

వాదించకుండా ఆయనతో ఇలా చెప్పి చూడండి: ‘నాకు ఆ ట్యూబుల పరీక్ష ఇప్పుడు అవసరమా కాదా అన్నది మీ రిపోర్టు మీద ఆధారపడి ఉంది.’ ఇది ఒప్పించడానికి అల్లిన మాట కాదు, నిజం. ఆయన రిపోర్టులో కణాలు మరీ తక్కువగా ఉంటే వైద్యం దారే మారిపోతుంది. అప్పుడు మీ ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా లేదా అన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం ఉండకపోవచ్చు.

ఆయన చేయవలసింది ఇంతే. పరీక్షకు ముందు కనీసం 2 రోజులు, 7 రోజులకు మించకుండా కలయికకు, హస్తప్రయోగానికి దూరంగా ఉండాలి. ల్యాబులో పేరు రాసిన చిన్న డబ్బా ఇచ్చి ఒక గది చూపిస్తారు. బయట మనుషులు తిరుగుతుండగా ఆ గదిలో కుదరక చెమటలు పట్టి బయటికి వచ్చేసేవారు ఉంటారు. అందులో నామోషీ ఏమీ లేదు. ల్యాబు ఒప్పుకుంటే ఇంట్లోనే సేకరించి గంటలోపు అందించవచ్చు. అలా తెచ్చేటప్పుడు డబ్బా చల్లబడకుండా చొక్కా లోపల, ఒంటికి ఆనించి తీసుకురావాలి. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, జెల్‌లు, సబ్బు, ఉమ్మి తగలకూడదు. మొదట వచ్చే చుక్కల్లోనే కణాలు ఎక్కువ. అవి బయట పడిపోతే సిగ్గుపడి ఊరుకోకుండా ల్యాబులో చెప్పాలి. చెప్పనందువల్ల తప్పుడు రిపోర్టు వచ్చి, నెలల తరబడి ఇల్లంతా ఏడ్చిన జంటను నేను చూశాను.

రిపోర్టు రాగానే ఇంటర్నెట్‌లో వెతకడం మొదలవుతుంది, అక్కడే మతి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన దిగువ హద్దులు ఇవి: మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదలిక ఉన్నవి 42 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం. చివరి అంకె మరోసారి చదవండి. నూటికి నాలుగు సరిగ్గా ఉంటే చాలు. ‘నాకు 5 శాతమే నార్మల్ అట’ అని తల పట్టుకున్న మగవారికి ఈ ఒక్క వాక్యం చెబితే ముఖం తేటపడుతుంది. ఈ హద్దులు కూడా ఏడాదిలోపే తండ్రులైన మగవారిని లెక్కించి, వారిలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీతలు. గీత కిందున్నవారు తండ్రులు కాలేరని అర్థం కాదు. ఒక రిపోర్టు తేడాగా వస్తే మళ్లీ చేయించాలి. కణం తయారై బయటికి రావడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది కాబట్టి రెండు నెలల కిందటి గట్టి జ్వరం ఇవాళ్టి రిపోర్టులో కనిపించవచ్చు. కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునే అలవాటు ఉంటే అది తప్పక చెప్పాలి, అవి కణాల తయారీని దాదాపు ఆపేస్తాయి.

మీ పరీక్షల్లో చాలావరకు నెలసరి తేదీలతో ముడిపడినవి. రక్తస్రావం బాగా మొదలైన రోజే మొదటి రోజు, మరకలు కనిపించిన రోజు కాదు. రెండో రోజో మూడో రోజో కొన్ని హార్మోన్లకు రక్తం తీస్తారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), ఏఎంహెచ్ (అండాశయానికి సంబంధించిన హార్మోన్) పరీక్షలకు రోజుతో పెద్దగా పని లేదు. గర్భంలోని బిడ్డకు హాని చేసే రుబెల్లా వైరస్ నుంచి రక్షణ ఉందో లేదో కూడా చూడవచ్చు, లేకపోతే గర్భానికి ముందే టీకా వేయించుకోవాలి. అండం విడుదలవుతోందా అని చూసే ప్రొజెస్టెరాన్ పరీక్షను అందరికీ ‘21వ రోజు’ అని రాసేస్తుంటారు. ఆ లెక్క 28 రోజులకు నెలసరి వచ్చేవారిది. మీకు 35 రోజులకు వస్తుంటే 28వ రోజు చేయించుకోవాలి, అంటే తర్వాతి నెలసరికి వారం ముందు. తేదీ తప్పితే అండం విడుదలవుతున్నా ‘లేదు’ అని రావచ్చు. మీ గత ఆరు నెలల తేదీలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఏఎంహెచ్ గురించి ఒక మాట. అండాశయంలో మిగిలిన అండాల రాశిని అది అంచనా వేస్తుంది. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ విధానం) మందులకు అండాశయం ఎలా స్పందిస్తుందో చెప్పడానికి బాగా ఉపయోగపడుతుంది. సహజంగా ఈ నెల గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. తక్కువ అంకె చూపించి అక్కడికక్కడే పెద్ద వైద్యానికి సంతకం చేయమంటే, ఆలోచించుకుని వస్తామని చెప్పి లేవండి.

యోని ద్వారా చేసే స్కానింగుకు కండోమ్ లాంటి తొడుగు వేసిన సన్నని పరికరం వాడతారు. మూత్రం పోసుకుని వెళ్లాలి. కాస్త ఇబ్బందిగా ఉంటుంది తప్ప సాధారణంగా నొప్పి ఉండదు. మహిళా సిబ్బంది కావాలని అడగవచ్చు.

మీ ఆడపడుచు చెప్పింది హెచ్‌ఎస్‌జీ గురించి, అంటే ట్యూబులను ఎక్స్‌రేలో చూసే పరీక్ష. ఆమె పడ్డ నొప్పి అబద్ధం కాదు. కొందరికి నొప్పి ఎక్కువే, చాలామందికి నెలసరి నొప్పిలా వచ్చి కొన్ని నిమిషాల్లో తగ్గుతుంది. నెలసరి ఆగాక, అండం విడుదలకు ముందు చేస్తారు. ఆ నెలలో పరీక్ష అయ్యేవరకు రక్షణ లేని కలయిక వద్దంటారు. గర్భసంచి ముఖద్వారం గుండా సన్నని గొట్టంతో ఎక్స్‌రేలో కనిపించే మందు పంపి ఎక్స్‌రే తీస్తారు. తెర మీద ముందు చిన్న ముక్కోణంలా గర్భసంచి, తర్వాత రెండు వైపులా దారాల్లా ట్యూబులు, వాటి చివర పొగలా చెదిరే మందు కనిపిస్తాయి. ఆ పొగ కనిపించడమే కావలసింది. గంట ముందు ఏ నొప్పి మాత్ర వేసుకోవాలో డాక్టర్‌ను అడగండి. ఆ మందులో అయోడిన్ ఉంటుంది, అది మీకు పడకపోతే ముందే చెప్పండి. ఒక ప్యాడ్ వెంట తీసుకెళ్లండి, ఆ మందు తర్వాత కొంత బయటికి కారుతుంది. జ్వరం, దుర్వాసనతో స్రావం, తగ్గని నొప్పి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఒక ట్యూబు మూసుకుందని వచ్చినా వెంటనే బెంబేలెత్తకండి, ఆ క్షణంలో కండరం బిగుసుకున్నా అలాగే కనిపిస్తుంది.

అన్నీ నార్మల్ అని రావచ్చని కూడా తెలుసుకుని వెళ్లండి. 15 నుంచి 30 శాతం జంటల్లో ఈ తొలి పరీక్షలకు ఏ కారణమూ చిక్కదు. ‘ఏమీ లేకపోతే మరి ఎందుకు కావడం లేదు’ అన్న ప్రశ్న లోపం కనిపించినదానికంటే ఎక్కువ వేధిస్తుంది. దానికీ వైద్యం ఉంది, కాబట్టి ఆ రోజున ఒకరి ముఖంలోకి ఒకరు అనుమానంగా చూసుకోకండి.

ఒంటరిగా వెళ్లి అన్నీ చేయించుకుని రావాలనుకుంటున్నారు కదా. మీ వయసుకు ఏడాది ప్రయత్నించాక పరీక్షలకు వెళ్లడం పద్ధతి, 35 దాటితే ఆరు నెలలకే. మీకు రెండేళ్లు గడిచాయి, ఇంకా ఆగడం నాకు ఇష్టం లేదు. మీ వారు కదలకపోతే మొదటిసారి ఒంటరిగానే వెళ్లండి, ఆ అయిదు నిమిషాల మాటకు అదే వీలు. రక్తపరీక్షలు, స్కానింగు చేయించుకోండి. వచ్చేటప్పుడు ల్యాబు నుంచి ఆయన కోసం ఒక డబ్బా, సూచనల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టండి. హెచ్‌ఎస్‌జీకి మాత్రం ఆయన రిపోర్టు చేతికి వచ్చేదాకా తేదీ తీసుకోకండి.