మా ఉద్దెర పుస్తకం ముందే చెప్పింది

"మన లాంటి దేశాల్లో అంటురోగాలు ఊరంతా పాకేదాకా ప్రభుత్వానికి ఎందుకు తెలియడం లేదు? టెక్నాలజీ లేకనా?" అని అడిగారు.

టెక్నాలజీకి కొదవ లేదండి. మా ఏఎన్ఎమ్ అక్క చేతిలో ట్యాబ్ ఉంది, ఆశా కార్యకర్త చేతిలో ఫోన్ ఉంది. రోగం మొదట ఎవరి గుమ్మం తొక్కుతుందో వాళ్లను ఎవరూ అడగరు. అంతే సంగతి. పద్దెనిమిదేళ్లుగా మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడి చూస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

నాది నర్సంపేట వైపు ఒక మండల కేంద్రం. 2023 జూలై చివర్లో పడ్డ వానలు మా వైపు వాళ్లెవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. మా ఊళ్లో అంత కష్టం రాలేదు కానీ చెరువు అలుగు పోసింది, కింది వాడలో మోరీలన్నీ పొంగాయి, రెండు రోజులు కరెంటు లేదు.

వాన తెరిపిచ్చిన మూడో రోజు పొద్దున్నే ఒక అవ్వ వచ్చింది. "బిడ్డా, మనుమరాలికి తెల్లారగట్ల నుంచి ఒకటే వాంతులు, మోషన్లు. ఏమన్న ఇయ్యి, పైసలు పత్తి ఏరినంక ఇస్త" అంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ గోలీలు ఇచ్చి, పిల్ల నీరసపడితే ఆగకుండా దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పి, ఉద్దెర పుస్తకంలో రాసుకున్నాను. మధ్యాహ్నానికి ఓఆర్ఎస్ కోసం మరో అయిదారుగురు వచ్చారు. వానాకాలం కదా, మామూలే అనుకున్నాను. రాత్రి షట్టర్ దించే ముందు లెక్క చూసుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది.

మా దగ్గర ఒకే పేరున్న వాళ్లు ఊరికి పది మంది ఉంటారు. అందుకని ఉద్దెర రాసేటప్పుడు పేరు పక్కనే వాడ కూడా రాస్తాం. రొక్కం ఇచ్చి కొన్నవాళ్లు ఎక్కడివాళ్లో నాకు గుర్తుండదు, ఉద్దెర వాళ్లది మాత్రం పక్కాగా ఉంటుంది. ఆ రోజు పేజీలో ఓఆర్ఎస్ రాసిన వరుసలు పద్నాలుగు ఉంటే, పదకొండింటి పక్కన ఒకే మాట: చెరువు కింది వాడ. పై వాడ నుంచి ఒక్కరే. బస్టాండు వైపు నుంచి ఇద్దరు. వాన ఊరంతా పడింది, అందరూ తడిశారు. మరి మోషన్లు ఒక్క వాడకే ఎందుకు? నాకు డాక్టర్ చదువు లేదు, డీఫార్మసీ చదివినవాడిని. ఆ పేజీ చూసిన ఎవరికైనా నీళ్ల మీదే అనుమానం వస్తుంది.

టైమ్ పది దాటింది. ఎవరికి చెప్పాలి? ఇన్నేళ్లుగా షాపు నడుపుతున్నా, "ఇలాంటిది కనిపిస్తే ఈ నంబరుకు చెప్పు" అని నాకు ఎవరూ ఒక్క నంబరు ఇవ్వలేదు. చివరికి ఏఎన్ఎమ్ అక్కకు చేశాను. ఆమె షాపుకు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి నంబరు ఉంది, లేకపోతే అదీ లేదు. నిద్రలోంచి లేచి అంతా విని, "తమ్మీ, పొద్దుగాల ఆరింటికి ఆ వాడ మొదట్ల ఉంటా. నువ్వు పుస్తకం పట్టుకొని రా" అంది.

పొద్దున ఆ పుస్తకం చూసుకుంటూనే ఇల్లిల్లూ తిరిగాం. పుస్తకంలో ఉన్న పదకొండు ఇళ్లే కాదు, పుస్తకంలో లేని ఇళ్లు కూడా బయటపడ్డాయి. కొందరు సిగ్గుపడి చెప్పలేదు, కొందరు మొక్కుకొని ఊరుకున్నారు. ఒక ముసలాయన మంచానికి అంటుకుపోయి, కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకడం లేదు. ఆయనను వెంటనే 108లో వరంగల్ పంపించారు. నాలుగు రోజులకు తిరిగి వచ్చాడు. ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు దేవుతుంది.

అక్క తన సంచిలోంచి క్లోరిన్ చూసే కిట్ తీసింది. నీళ్లలో రెండు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. బడి దగ్గరి నల్లా నీళ్లు తిరిగాయి. కింది వాడ నీళ్లు తెల్లగా అలాగే ఉన్నాయి. అవే నీళ్లను హెచ్‌టూఎస్ సీసాలో పోసి సబ్ సెంటర్‌లో పెట్టింది. మర్నాడు చూస్తే సీసా బొగ్గులా నల్లబడి ఉంది. నీళ్లలో మలం కలిసిందనడానికి అది గుర్తు.

నీళ్లు వదిలే ఆయన వాల్వు గుంత మూత లేపాడు. మోకాలి లోతు మోరి నీళ్లు! వాల్వు మునిగి ఉంది, పక్కన పైపు జాయింట్ పగిలి ఉంది. నీళ్లు వదిలినంతసేపు అక్కడ బయటికి కారుతుంది. బంద్ చేయగానే పైపు ఖాళీ అయి బయటి మురికిని లోపలికి గుంజుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురికి మొదట దగ్గరి ఇళ్లకే పోతుంది. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వచ్చే ప్రతి ఊళ్లోనూ ఈ ప్రమాదం ఉంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నల్లాకు నేరుగా మోటారు బిగించే వాళ్లారా, మీరు గుంజేది ఎదురింటి వాళ్ల నీళ్లను మాత్రమే అనుకోకండి. పైపుకు ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి మోరిని కూడా గుంజి మీ పిల్లల గ్లాసులో పోసుకుంటున్నారు. ఎన్నిసార్లు చెప్పినా మా ఊళ్లో మోటార్లు తీయించలేకపోయాం.

ఆ లైను బంద్ చేసి ట్యాంకర్ పెట్టారు. జాయింట్ మార్చారు. ఇళ్లల్లో నీళ్లు పట్టుకునే గోలేలన్నీ ఖాళీ చేయించి, కడిగించి, బ్లీచింగ్ కలిపించారు. వారం తిరిగేసరికి కొత్త కేసులు ఆగిపోయాయి.

మరి నాకంటే ముందు ఎవరికీ తెలియదా? తెలుసు. ఆ వాడకు వెళ్లే ఆర్ఎంపీ అంతకు ముందురోజే అయిదుగురికి సెలైన్ ఎక్కించాడు. ఎవరికైనా చెప్పావా అంటే, "చెప్తే మొదట నా మీదికే వస్తరన్నా" అన్నాడు. ఆయన వైద్యాన్ని నేను సమర్థించడం లేదు. ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్ సూది వేసే పద్ధతి చూస్తే నాకు భయమేస్తుంది. కానీ ఊళ్లో రోగం మొదట చూసే మనిషి నోరు తెరవడానికి భయపడితే నష్టపోయేది ఎవరు?

ఆయన సంగతి సరే. ఏఎన్ఎమ్ అక్క కేసులన్నీ నిజాయితీగా ట్యాబ్‌లో ఎక్కించింది. పై నుంచి వచ్చిన మొదటి ఫోన్‌లో ఏమడిగారో తెలుసా? "నీ సబ్ సెంటర్‌లోనే ఇన్ని కేసులు ఎందుకు రాశావు?" ఆ సాయంత్రం నా షాపు ముందు కుర్చీలో కూర్చొని కళ్లు తుడుచుకుంది. రాసినందుకు టెన్షన్ పెట్టారు, రాయని వాళ్లు హాయిగా ఉన్నారు. ఇలాగైతే తర్వాతి సారి ఎవరు రాస్తారు?

కాగితం మీద మన ఏర్పాటు బాగానే ఉంటుంది. రోగాల నిఘా కోసం 2004లో ఐడీఎస్‌పీ అనే కార్యక్రమం మొదలైంది. లక్షణాలు చూసి ఏఎన్ఎమ్ రాసేది ఎస్ ఫారం, పరీక్షించి డాక్టర్ రాసేది పీ ఫారం, ల్యాబ్ వాళ్లది ఎల్ ఫారం. వారానికొకసారి కాగితాలు పైకి పోయేవి. 2021లో దేశమంతటా ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ పద్ధతి తెచ్చారు, ఇప్పుడు ఏ రోజుది ఆ రోజే ఎక్కించొచ్చు. మంచిదే. కానీ మా వాడ మనిషికి మోషన్లు పడితే మొదట ఇంటి వైద్యం, తర్వాత నా షాపు, తర్వాత ఆర్ఎంపీ, అప్పటికీ తగ్గకపోతే వరంగల్‌లో ప్రైవేటు. ఈ దారిలో ఎస్ ఫారం ఎక్కడ తగిలింది? ఇళ్లు తిరిగే అక్క ఒక్కతే, ఆమె కింద ఉన్నది ఒక ఊరు కాదు. మూడో నాలుగో మెట్టు దగ్గర కూర్చొని మొదటి మెట్టు లెక్క రాయమంటే ఎలా వస్తుంది?

మందుల షాపులో మొదట తెలుస్తుందన్నది నేను కల్పించిన మాట కాదు. 1981లో అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీలో సాండ్రా ఫోర్డ్ అనే ఉద్యోగిని ఉండేది. పెంటమిడిన్ అనే అరుదైన మందు కావాలని డాక్టర్లు అడిగితే పంపించడం ఆమె పని. ఎప్పుడో తప్ప ఎవరూ అడగని ఆ మందును వరసగా అడుగుతున్నారు, అదీ వయసులో ఉన్న మగవాళ్ల కోసం. ఏదో తేడాగా ఉందని ఆమె పై అధికారికి రాసింది. తర్వాత ప్రపంచమంతా ఎయిడ్స్ అని పిలిచిన రోగం జాడ తెలిసింది అలా కూడానే. ఆమె మాట వినేవాళ్లు పైన ఉన్నారు. తేడా అక్కడ ఉంది.

మనవాళ్లకు చేతకాదా అంటే, చేతవుతుందని పోలియో చూపించింది. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఎవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే చాలు, కబురు పోవాలి. పద్నాలుగు రోజుల లోపల, రోజు తేడాతో రెండుసార్లు మలం నమూనా తీసి చల్లటి పెట్టెలో ల్యాబ్‌కు పంపాలి. ఆ కబురు కోసం ప్రైవేటు డాక్టర్లనే కాదు, నాటు వైద్యులనూ ఆర్ఎంపీలనూ కలుపుకున్నారు. డిగ్రీ ఉందా అని అడగలేదు, పిల్లాడు ఎక్కడున్నాడని అడిగారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో లేనిదని డబ్ల్యూహెచ్ఓ సర్టిఫికెట్ ఇచ్చింది.

షాపుల వాళ్లను ఎప్పుడూ అడగలేదా అంటే, ఒకసారి అడిగారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదట్లో, జ్వరం, దగ్గు, జలుబు మందులు కొన్నవాళ్ల పేరూ ఫోన్ నంబరూ రాసుకోవాలన్నారు. కొత్త రిజిస్టర్ పెట్టాను. నంబరు అడగ్గానే మనుషుల ముఖాలు మారిపోయేవి. "రాస్తే అంబులెన్స్ వస్తదట, క్వారంటైన్‌ల వేస్తరట" అని తప్పు నంబర్లు చెప్పేవారు. ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి తన పేరే మార్చి చెప్పాడు. కొందరు పారాసిటమాల్ కొనడమే మానేసి జ్వరంతో ఇంట్లో పడుకున్నారు. అదే షాపు, అదే కౌంటర్, రాసేది నేనే. ఉద్దెర పుస్తకంలో ఎవరూ తప్పు పేరు చెప్పరు, ఎందుకంటే రేపు మళ్లీ నా దగ్గరికే రావాలి, నేను ఇవ్వాలి. ఆ నమ్మకాన్ని ఒక ఆర్డర్ కాగితంతో తేలేరు.

టీబీ మందులకు మేం రాస్తూనే ఉన్నాం. 2014 నుంచి హెచ్1 రిజిస్టర్ ఉంది, డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు రాసి మూడేళ్లు దాచాలి. కాబట్టి రాయడం మాకు కొత్త కాదు. మోషన్ల విషయంలో పేర్లు కూడా అక్కర్లేదు. ఏ వాడకు ఎన్ని ప్యాకెట్లు పోయాయో సాయంత్రం ఒక మెసేజ్ పెడితే చాలు. దానికి అవతలి వైపు నుంచి జవాబు రావాలి. వేలూరు మెడికల్ కాలేజీ డాక్టర్ టి. జాకబ్ జాన్ 1980లలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో పోస్టుకార్డులతో ఈ పని చేయించారు. ప్రభుత్వ డాక్టరు, ప్రైవేటు డాక్టరు ఎవరైనా రోగం చూడగానే అచ్చేసిన కార్డు మీద రాసి పోస్టు డబ్బాలో వేసేవారు, జిల్లాలో ఏం జరుగుతోందో వాళ్లకు తిరిగి తెలిపేవారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో!

ఇంకో బాధ పేపర్ల వాళ్లతో. ఏటా ఆగస్టు రాగానే "విషజ్వరాలతో మంచం పట్టిన పల్లె" అని రాస్తారు. విషజ్వరం అంటే ఏ రోగం? డెంగీయా, మలేరియానా, టైఫాయిడా? ఆ మాట రాయగానే జనం ప్లేట్‌లెట్ల పరీక్షకు పరుగెత్తుతారు. ప్రైవేటులో ర్యాపిడ్ కిట్ మీద గీత పడితే డెంగీ అంటారు, ప్రభుత్వం ఎలీసా పరీక్షలో తేలితేనే లెక్కలో వేస్తుంది. అందుకే ఊరు చెప్పే లెక్కకు, ఆఫీసు చెప్పే లెక్కకు పొంతన ఉండదు. ఇద్దరూ అబద్ధం ఆడుతున్నారని జనం అనుకుంటారు. ఈ తేడా ఏమిటో ఎవరైనా ఊళ్లోకి వచ్చి చెప్పారా?

ఎలాగూ చదువుతున్నారు కాబట్టి ఇదీ వినండి. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి తాగిస్తే పిల్లలకు మోషన్లు ఇంకా పెరుగుతాయి. ఓఆర్ఎస్ పేరు పెట్టి చక్కెర నీళ్లను డబ్బాల్లో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబర్‌లో ఆ పేరు వాడొద్దని ఫుడ్ సేఫ్టీ వాళ్లు ఆదేశించారు. నేను అంతకు ముందే వాటిని నా షాపులోంచి తీసేశాను.

ఇప్పుడు మా షాపులో కౌంటర్ పక్కన ఏఎన్ఎమ్ అక్క నంబరు, నీళ్లు వదిలే ఆయన నంబరు పెద్ద అక్షరాలతో అంటించి ఉన్నాయి. ఆర్ఎంపీ కూడా నా చెవిలో చెబుతాడు, తన పేరు బయటికి రాదని మాటిచ్చాను. నిన్న సాయంత్రం పై వాడలో ఒకే సందు నుంచి ముగ్గురు ఓఆర్ఎస్ తీసుకుపోయారు. ఏమీ కాకపోవచ్చు. అక్కకు ఫోన్ చేశాను. కిట్ తీసుకొని పొద్దున ఆరింటికి వస్తానంది.