తండాల్లో పెద్దవయసు ఆడవాళ్లు చెంపల పక్కన వేలాడదీసుకునే వెండి నగలకు అర్థమేంటి?

మహబూబాబాద్, నర్సంపేట వైపు సంతల్లో కనిపించే ఈ నగల పేర్లు ఘుగ్రి, టోప్లి. లంబాడీ స్త్రీకి పెళ్లయిందని చెప్పే గుర్తులు, మనకు పుస్తె, మెట్టెలు ఉన్నట్టే. చెవులకు పెట్టుకునేవని చాలామంది అనుకుంటారు గానీ, వాటిని చెంపల దగ్గరి జుట్టు పాయలకు కడతారు. బరువంతా జుట్టు మీదే! ఇప్పటి పిల్లలు పెళ్లిళ్లకో పండుగలకో తప్ప ముట్టరంటే తప్పు పట్టలేం.

చేతుల నిండా వేసుకునే తెల్ల గాజులు ఒకప్పుడు ఏనుగు దంతంతో, ఎముకతో చేసినవి. దంతం వ్యాపారంపై నిషేధం వచ్చింది, ఇప్పుడు దాదాపు అన్నీ ప్లాస్టిక్కే.

ఇంత వెండి ఎందుకంటే, వీళ్ల పూర్వీకులు ఎద్దుల వీపున ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. స్థిరమైన ఇల్లూ పొలమూ లేని బతుకులో సంపాదన ఒంటి మీదే ఉండేది. అవసరమొస్తే కడియం కుదువ పెట్టుకోవచ్చు.

పెళ్లి సంగతి నగతో చెప్పడం వేరే దేశాల్లోనూ ఉంది. ఐర్లండ్‌లో కుడిచేతికి పెట్టుకున్న క్లాడా ఉంగరం మీది హృదయం కొన వేలి చివరకు తిరిగి ఉంటే తోడు ఇంకా దొరకలేదని, మణికట్టు వైపు ఉంటే దొరికిందని లెక్క.