డిగ్రీ చదివి మోటార్లు చుట్టుకుంటున్నవాడి జవాబు

"డిగ్రీ అయింది, ఆఫీసు ఉద్యోగం మీద మనసు లేదు. చేతిపని ఏదైనా నేర్చుకుని దాని మీదే బతికితే తృప్తిగా ఉంటుందా?" అని కదా ప్రశ్న.

నాది బీకాం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒకే గదిలో నలుగురం ఉండి మూడేళ్లు గ్రూప్స్‌కి చదివాం. ఇప్పుడు జనగామ వైపు ఒక మండల కేంద్రంలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది, అంటే కాలిన మోటార్లకి కొత్త తీగ చుట్టే పని. తృప్తి గురించి నాకు పెద్దగా మాటలు రావు గానీ ఒక మోటారు సంగతి చెప్తాను.

2017 మార్చి. నాకు పని నేర్పిన ఉస్తాద్ దగ్గర చేరి రెండేళ్లు దాటింది. ఆ రోజు ఆయన వరంగల్‌లో చుట్టాల పెళ్లికి పోయాడు, షాపులో నేనొక్కణ్ణే. పొద్దుగూకే వేళ ఒకాయన ట్రాలీ ఆటోలో ఐదు హెచ్‌పీ బోరు మోటారు వేసుకొచ్చాడు. మూడెకరాల యాసంగి వరి, పొట్ట మీద ఉంది. "ఎల్లుండి దాక నీళ్లు పెట్టకపోతే గడ్డే మిగుల్తది తమ్మీ" అన్నాడు.

విప్పి చూస్తే రెండు ఫేజుల కాయిళ్లు మాడి నల్లగా ఉన్నాయి, మూడోది నిన్ననే చుట్టినంత కొత్తగా ఉంది. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిళ్ల కొసలు ఒక్కచోట కలిపిన) మోటారు ఇలా కాలిందంటే, ఒక ఫేజు పోయిన తర్వాత కూడా కరెంటు లాగుతూనే ఉందన్నమాట. ఆయన వోల్టేజీని తిట్టాడు. స్టార్టర్‌లో ఇలాంటప్పుడు మోటారును ఆపేసే రిలే తీసేసి డైరెక్ట్ పెట్టుకున్న సంగతి తర్వాత నెమ్మదిగా బయటికొచ్చింది. నా లెక్కలో ముప్పాతిక మోటార్లు రైతు ఆత్రం వల్లే కాలతాయి, కరెంటోళ్ల వల్ల కాదు. ఈ మాటంటే నా గిరాకీలకే కోపమొస్తుంది. అయినా అంటాను.

మంచిగా ఉన్న కాయిల్‌ని కోసి చుట్లు లెక్కపెట్టాను. ఒకసారి ముప్పై ఒకటి వచ్చింది, ఇంకోసారి ముప్పై రెండు. చుట్లు తగ్గితే మోటారు ఆంప్స్ ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. మూడోసారి ఒక్కో చుట్టూ విడదీసి నేల మీద వరసగా పేర్చాను. ముప్పై రెండు.

నేల మీద పెట్టే మోనోబ్లాక్ మోటారుకైతే కాయిల్ బయట చుట్టేసి స్లాటులోకి, అంటే గాడిలోకి, దింపుకోవచ్చు. బోరు మోటారు నీళ్లలో మునిగి నడుస్తుంది కాబట్టి ప్లాస్టిక్ తొడుగున్న వైరు వాడతాం. సన్నటి పొడుగాటి స్టేటరులో (మోటారులో తిరగని బయటి భాగం) ఆ వైరును ఈ కొసన దోపి ఆ కొసన లాగాలి, ఒక్కో చుట్టూ అలాగే. ఇరవై నాలుగు స్లాట్లు. తొడుగు ఎక్కడన్నా గీరుకుందంటే నీళ్లలో దించాక ఎర్త్ కొడుతుంది (కరెంటు బయటికి లీకవుతుంది), చేసిన పనంతా దండగ. రాత్రి రెండు దాటేసరికి బొటనవేలి తోలు లేచిపోయింది. నీళ్ల డ్రమ్ములో ముంచి, కరెంటు లీకేజీ చూసే మెగ్గర్ మీటరు పెడితే రీడింగు బాగానే చూపించింది. అక్కడే గోనెసంచి మీద పడుకున్నాను.

పొద్దున నలుగురం కలిసి నల్ల పైపుతో మోటారు దించాం. కరెంటు వేళ కోసం కూర్చున్నాం. (పొలాలకి ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి కదా.) బటన్ నొక్కాను. మోటారు నడుస్తోంది. పైపు నుంచి మాత్రం చెంబుతో వంచినట్టు సన్నటి ధార. ఆయన భార్య గట్టు మీద నిలబడి "గింతేనా?" అంది.

చెమటలు పట్టాయి. మోటారు మళ్లీ పైకి లాగాలేమోనని నేను భయపడుతూ ఉస్తాద్‌కి ఫోన్ చేస్తే, బ్యాండు మోత మధ్యలో నుంచి ఆయన అరిచాడు: "ఉల్టా తిరుగుతుందిరా, వైర్లు మార్చు!" అంతే. స్టార్టర్ దగ్గర మూడు వైర్లలో ఏ రెండింటిని తారుమారు చేసినా తిరిగే దిక్కు మారుతుంది. ఈ మాత్రం నాకు తెలియక కాదు, టెన్షన్‌లో తట్టలేదు. మార్చి నొక్కాను. పైపు రెండుసార్లు దగ్గి, ఎర్రటి బురద కక్కి, ఆ తర్వాత నిండుగా పోయడం మొదలుపెట్టింది. ఆమె ఏమీ అనలేదు. చెప్పులు విడిచి, పార అందుకుని మడికి నీళ్లు మళ్లించడానికి పోయింది.

మీరడిగిన తృప్తి నాకు దొరికింది ఆ బోరు దగ్గరే. గ్రూప్స్‌లో రాసింది తప్పో ఒప్పో తేలాలంటే కీ రావాలి, దాని మీద అభ్యంతరాలు రావాలి, ఆపైన కోర్టు కేసులు. మూడేళ్లు అట్లాగే పోయాయి.

ఇక బాధలు. నా పెళ్లి చూపుల్లో నాలుగు చోట్ల "మెకానిక్కా" అని మొహం చిట్లించారు. మేం రాగి వేస్తే పక్క సెంటర్‌లో అల్యూమినియం వైరు వేసి సగం రేటుకే ఇస్తారు, ఆ సీజన్ గడిస్తే గొప్ప. నడుము నొప్పి నాకు ముప్పై ఐదుకే వచ్చింది. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ చేసి నా దగ్గరికొచ్చిన కుర్రాడు అప్పటిదాకా కాలిన మోటారు ఒక్కటి కూడా విప్పి చూడలేదట. వాణ్ణనడానికి లేదు, విప్పడానికి వాడికి ఎవరిచ్చారు? సర్టిఫికెట్ తీసుకోండి, వద్దనను, కానీ పని మాత్రం షాపులోనే వస్తుంది. డిగ్రీ దండగవుతుందని కూడా అనుకోవద్దు. లెక్కలు, ఓపిక ఉన్నవాడు ఈ పనిని అందరికంటే తొందరగా పట్టుకుంటాడు.

చేరేదుంటే ఫిబ్రవరిలో చేరండి. యాసంగి సీజన్ ఒక్కటి నిలబడి చూస్తే మీకే తేలిపోతుంది. కాలిన రాగిని రైతు కళ్ల ముందు తూచి లెక్క చెప్పే షాపు చూసుకోండి. రాగి ఎటు పోయిందో చెప్పని చోట పని కూడా దాచిపెడతారు. ఉద్దెర పుస్తకం మొదటి రోజే కొనుక్కోండి. "పంటొచ్చినంక ఇస్త" అన్నవాళ్లు చాలామంది ఇస్తారు, అది నిజమే. ఆ మూడెకరాల ఆయన మాత్రం నాకింకా ఎనిమిది వందలు బాకీ. నేను చుట్టిన మోటారు మళ్లీ కాలలేదు, అందుకని ఆయన షాపు వైపు రావాల్సిన పనే పడట్లేదు.