పాఠకుల ప్రశ్నలు: స్టాటిక్ దెబ్బ నుంచి బోర్డును కాపాడుకోవడం

ప్రశ్న: గాజువాకలో ల్యాప్‌టాప్ రిపేర్ షాపు పెట్టి ఏడాదైంది. ఒక బోర్డులో మాస్‌ఫెట్ (కరెంటును స్విచ్‌లా వదిలి ఆపే ట్రాన్సిస్టర్) మార్చితే రెండుసార్లూ పోయింది. స్టాటిక్ వల్లేనని తెలిసినవారు అంటున్నారు. విశాఖలో గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది, నా చేతికి ఒక్కసారి కూడా చురుక్కుమనలేదు. అయినా స్టాటిక్ ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ఒంట్లో చేరిన ఛార్జి సుమారు 3,000 వోల్టులకు చేరితే గానీ వేలికి తెలియదు. మాస్‌ఫెట్‌కు మూడు కాళ్లు: తెరిచి మూసే గేటు, కరెంటు పారే డ్రెయిన్, సోర్సు. గేటుకు, సోర్సుకు మధ్య ఇవ్వదగిన గరిష్ఠ వోల్టేజీ ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ లాంటి పెద్ద దానికే 20 వోల్టులు. ల్యాప్‌టాప్ బోర్డుల మీది చిన్నవాటిలో కొన్నింటికి అంతకన్నా తక్కువ. గేటు కింది ఆక్సైడ్ పొర చాలా పల్చన, ఒకసారి చిల్లు పడితే మళ్లీ పూడదు. ఒక్కోసారి పూర్తిగా చిల్లు పడక బలహీనపడి ఊరుకుంటుంది. ఆ బోర్డు ఇవాళ పనిచేస్తుంది, కొన్నాళ్లకు కస్టమర్ మళ్లీ పట్టుకొస్తాడు.

సముద్రపు తేమ మీకు మేలే చేస్తుంది. వస్తువుల మీద కంటికి ఆనని నీటి పొర పేరుకుని ఛార్జి మెల్లగా జారిపోతుంది. కానీ ఏసీ ఆ తేమను గాలిలోంచి లాగేస్తుంది. పాలియెస్టర్ చొక్కాతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచినప్పుడల్లా ఒంట్లో ఛార్జి చేరుతుంది. అంతకన్నా ముఖ్యం, బోర్డు పక్కనే పుట్టే ఛార్జి. టేపును సర్రున లాగడం, టంకం పీల్చే ప్లాస్టిక్ సక్కర్ మీట నొక్కడం, నైలాన్ బ్రష్షుతో రుద్దడం, ఈ మూడూ తేమ ఉన్నా చేటు చేస్తాయి. టేపును వెనక్కి మడిచి నిదానంగా ఊడదీయండి. సక్కర్ కొంటే యాంటీస్టాటిక్ రకమే కొనండి, లేదా రాగి విక్‌తో (అల్లిన రాగి తీగతో) టంకం పీల్చండి.

అలాగని ప్రతి చావునూ స్టాటిక్ మీదికి నెట్టకండి. పోయిన మాస్‌ఫెట్‌ను బోర్డు నుంచి తీసి, మూడు కాళ్లనూ ఒకసారి కలిపి షార్ట్ చేసి, మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. గేటు, సోర్సు మధ్య ప్రోబులు ఎటు పెట్టినా ఏమీ చూపకూడదు. తర్వాత కాళ్లు మళ్లీ షార్ట్ చేసి డ్రెయిన్, సోర్సు మధ్య చూడండి. ఒకవైపు 0.4 నుంచి 0.6 వోల్టుల వరకు వస్తుంది, రెండోవైపు ఏమీ రాకూడదు. మధ్యలో ఆ షార్ట్ మరిచిపోతే మీటర్ ఇచ్చిన ఛార్జికే గేటు తెరుచుకుని, బాగున్న మాస్‌ఫెట్ కూడా పోయినట్టు కనిపించవచ్చు. డ్రెయిన్ వైపు బాగుండి గేటు ఒక్కటే లీకవుతుంటే మొదట స్టాటిక్‌నే అనుమానించండి. గేటు బాగుండి డ్రెయిన్, సోర్సు షార్టయి ఉంటే మాత్రం లోపం చాలావరకు బోర్డులోనే ఉంటుంది. ఆ లైన్లో షార్టయిన కెపాసిటర్ ఉందేమో, గేటును నడిపే డ్రైవర్ ఐసీ సరిగా ఉందో లేదో చూడకుండా మూడోది వేయకండి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. కంప్యూటర్ కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. ర్యామ్ మార్చేటప్పుడు కేబినెట్ తాకితే స్టాటిక్ పోతుందంటారు. తాకాలా, వద్దా?

జవాబు: ఆ జివ్వుమనేది స్టాటిక్ కాదండి. స్టాటిక్ ఒక్కసారి చురుక్కుమని ఆగిపోతుంది. మీది కరెంటు లీకు. పవర్ సప్లయ్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు కేబినెట్‌కు కలిపి ఉంటాయి. సాకెట్‌లో ఎర్త్ లేకపోతే సప్లయ్‌లో సగం, అంటే సుమారు 115 వోల్టులు, కేబినెట్ మీద నిలుస్తుంది. అదే వోల్టేజీ టీవీకి వేసే కేబుల్ ద్వారా పోర్టులను కూడా కాల్చేయగలదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పరీక్ష చేయించండి. సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఎర్త్ వైరు ఉన్నా ఎర్త్ పిట్ (ఎర్త్ గుంత) దగ్గరి బోల్టు తుప్పు తినేసి ఉండవచ్చు, అది కూడా చూడమనండి.

ర్యామ్‌ కోసం అప్పటిదాకా ఆగక్కర్లేదు. మీరు, కేబినెట్, ర్యామ్ ఒకే వోల్టేజీలో ఉంటే చిప్పుకు చాలు, ఎర్త్ లేకుండానే అది కుదురుతుంది. స్విచ్ ఆపి వదిలేయకుండా ప్లగ్గునూ, మిగతా కేబుళ్లనూ ఊడదీయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. రిస్ట్ స్ట్రాప్ (ఒంటి ఛార్జిని దింపే మణికట్టు పట్టీ) క్లిప్పును పెయింటు లేని ఇనుప భాగానికి తగిలించండి. స్ట్రాప్ లేకపోతే ఎడమ చెయ్యి ఆ ఇనుము మీదే ఉంచి కుడి చేత్తో పని చేయండి. కొత్త ర్యామ్‌ను కవరుతో సహా కేబినెట్‌కు ఆనించి, ఆ తర్వాతే బయటికి తీయండి. అంచులే పట్టుకోండి, బంగారు రంగు కాంటాక్టులు తాకవద్దు. సిల్కు, పాలియెస్టర్ చున్నీ అయితే వెనక్కి ముడేసుకోండి.

ప్రశ్న: కంచరపాలెంలో డిప్లొమా చదువుతున్నాను. రిస్ట్ స్ట్రాప్‌లో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఎందుకు? మామూలు వైరు చేతికి చుట్టుకుంటే చాలదా?

జవాబు: చుట్టుకోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. రెసిస్టర్ ఉన్నది మీ కోసం. పొరపాటున 230 వోల్టులు తగిలినా 1 మెగాఓమ్ గుండా పారేది 0.23 మిల్లీ ఆంపియరే. వట్టి వైరైతే కరెంటుకు మీ ఒళ్లొక్కటే అడ్డు. రెసిస్టర్ వల్ల స్టాటిక్ దిగడం ఆలస్యమవుతుందన్న బెంగ వద్దు. ఒంటి కెపాసిటెన్స్ (ఛార్జిని పట్టి ఉంచే సామర్థ్యం) సుమారు 100 పికోఫారడ్లు, దాన్ని 1 మెగాఓమ్‌తో గుణించండి, సెకనులో పదివేలవ వంతు వస్తుంది.

వారానికోసారి స్ట్రాప్ లోపలి రేకుకూ క్లిప్పుకూ మధ్య మీటర్ పెట్టి చూడండి, 1 మెగాఓమ్ దగ్గర రావాలి. ఏమీ రాకపోతే గుండీ దగ్గర వైరు తెగి ఉంటుంది, లేదా ఉప్పు గాలికి గుండీ చిలుం పట్టి ఉంటుంది. రేకు చర్మానికి బిగుతుగా ఆనాలి, చొక్కా చేతి మీద కట్టుకుంటే లేనట్టే. వైరు లేని ‘వైర్‌లెస్’ స్ట్రాపులు కొని డబ్బు పారేసుకోకండి.

కరెంటు ఉన్న ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లయ్), పాత పిక్చర్ ట్యూబ్ టీవీ, మైక్రోవేవ్ ఓవెన్ విప్పినప్పుడు స్ట్రాప్ తీసేయండి. ఎస్ఎంపీఎస్ పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, మిగతా రెండింటిలో వేల వోల్టులు. అక్కడ చెయ్యి ఎర్త్‌కు కట్టి ఉండకూడదు.

ప్రశ్న: బోర్డులు, చిప్పులు పెట్టి ఇచ్చే గులాబీ కవరు, వెండి రంగు కవరు రెండూ ఒకటేనా?

జవాబు: కాదు. గులాబీది తాను రాపిడికి ఛార్జి కాకుండా ఉంటుందే తప్ప బయటి దెబ్బను ఆపదు. వెండి రంగు దానిలోని లోహపు పొర ఆపుతుంది, అది కూడా చిల్లుల్లేకుండా, మూతి మడిచి ఉంటేనే. బోర్డును థర్మోకోల్ మీద పెట్టకండి. టీ తాగే ప్లాస్టిక్ గ్లాసు కూడా ఒక అడుగు దూరంలో ఉండాలి. మీరు స్ట్రాప్ కట్టుకున్నా వాటి మీది ఛార్జి దిగదు.

ప్రశ్న: నా దగ్గర రెండు పిన్నుల 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది. దీనితో మాస్‌ఫెట్ అతికించవచ్చా?

జవాబు: రెండు పిన్నుల దానికి ఎర్త్ ఉండదు కాబట్టి వేడెక్కాక ప్లగ్గు ఊడదీసి అతికించండి. టిప్‌లో ఉన్న వేడి రెండు మూడు కాళ్లకు సరిపోతుంది. సోర్సు కాలు ముందు, గేటు చివర. రోజూ ఇదే పనైతే మూడు పిన్నుల ఐరన్ తీసుకోండి. ప్లగ్గు ఊడదీసి, టిప్ నుంచి ఎర్త్ పిన్నుకు మీటర్ పెడితే 2 ఓమ్‌ల లోపు చూపాలి. ఎక్కువ చూపిస్తే టిప్ తీసి, అది కూర్చునే చోట పేరుకున్న నల్లటి పొరను గీకి మళ్లీ చూడండి.